స్త్రీకర్తృక శృంగారకావ్యము — ఆలంకారిక దృష్టి

రేగొండకు సమీపమున పాలంపేటలో 1213లో నిర్మితమైన రుద్రేశ్వరాలయమును లోకము శిల్పి పేర రామప్పగుడి యనుచున్నది. అందు నర్తకులు, వాదకురాండ్రు శిలారూపమున నిలిచియున్నారు గాని వారి నామములు మనకు దక్కలేదు. జాయపసేనాని 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళి రచించి నృత్తలక్షణములను నిబంధించెను. కళను ప్రదర్శించిన స్త్రీ మూర్తిగా మిగిలినది. శాస్త్రము చెప్పిన పురుషుడు కర్తగా నిలిచినాడు. మరి కళాకారిణియే గ్రంథకర్త్రి యైనచో పండితలోక మామె నెట్లు చూచినది? ముద్దుపళని రాధికాసాంత్వనమే యిందులకు నిదర్శనము.

ముద్దుపళని తంజావూరి ప్రతాపసింహుని (1739-1763) ఆస్థాన కవయిత్రి. ఇళను పెంచి కృష్ణున కిచ్చి పెండ్లి చేసిన రాధ యీర్ష్యాదుఃఖము, కృష్ణు డామె నూరడించుట యిందలి కథ. ఇచట రతికి ప్రధానాశ్రయము నాయికయే. కందుకూరి వీరేశలింగము పంతులుగా రీ కావ్యమును, స్త్రీ యిట్లు వ్రాయుటను గర్హించిరి. 1887 ముద్రణము సమగ్రము కాదని గ్రహించిన బెంగుళూరు నాగరత్నమ్మ ప్రతులను పోల్చి 1910లో వావిళ్లవారిచే ప్రకటింపజేసినది. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు వలదా యని ఆమె పీఠికలో ప్రశ్నించినది. ప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. 1947లో నిషేధము తొలగగా 1952లో పునర్ముద్రణము వెలువడినది.

ఈ వివాదమున శాస్త్రమర్యాద యేమి? అశ్లీలత్వము దోషమే యైనను అది యనిత్యదోషము. సురతప్రసంగాదులయందు గుణమగునని మమ్మటుడు, విశ్వనాథుడు అంగీకరించిరి. వక్తృవిశేషమునుబట్టి దోషనిర్ణయము కలదు గదా యన్నచో, ఆ వక్త ప్రాయికముగా కావ్యమునందలి పాత్రయే. కర్త కులమును, లింగమును దోషహేతువులుగా మమ్మట విశ్వనాథులు చెప్పలేదు. పైగా పదవ శతాబ్ది యారంభమున రాజశేఖరుడు కావ్యమీమాంసలో స్త్రీలును పురుషులవలెనే కవులు కాగలరనియు, సంస్కార మాత్మగతమగుటచే స్త్రీపుంభేదము నపేక్షింపదనియు స్పష్టపరచెను. తన భార్య అవంతిసుందరి మతమునుగూడ పేరుతో నుదాహరించెను.

కావున స్త్రీవాద దృష్టి పాశ్చాత్యమని త్రోసివేయుట యుక్తము గాదు. 1991లో న్యూయార్కున వెలువడిన భారతీయ స్త్రీరచనల సంకలనమున సూసీ తారు, కె. లలిత ముద్దుపళనికి స్థాన మిచ్చిరి. వా రడిగినది మన రాజశేఖరు డెన్నడో యంగీకరించిన యంశమే. అయితే సిద్ధాంత ముండుట వేరు, ఆచరణ వేరు. తిరువయ్యారు త్యాగరాజారాధనలో పాడుటకు స్త్రీలకు తావు లేకపోగా నాగరత్నమ్మ 1927 మొదలు వేరుగా స్త్రీల గోష్ఠిని నడుపవలసివచ్చినది.

అధ్యాపకులకు కర్తవ్య మొక్కటి కలదు. ప్రబంధపాఠమున శృంగారనైషధమునకు ఏ లక్షణమును అన్వయింతుమో రాధికాసాంత్వనమునకును దానినే అన్వయింపవలెను. అట్లు పరీక్షించిన పిదప దోషము తేలినచో దోషమే యందము, గుణము తేలినచో గుణమే యందము. పరీక్షింపక విడుచుట మాత్రము శాస్త్రపద్ధతి గాదు.