ఉమ్మడి కార్యాలయానికి తొలిసారి వెళ్ళేవారికి

పోయిన విద్యా సంవత్సరంలో మన కళాశాల బి.కాం. చివరి తరగతి విద్యార్థిని ఒకరికి హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీ నుండి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినది. తండ్రి పండ్ల బండి నడుపుకొనే మనిషి. ఆనాటి బేరం మానుకొని, కూతురిని వెంటబెట్టుకొని తెల్లవారకముందే వైరాలో బస్సెక్కాడు. పదకొండు గంటలకు ఇద్దరూ మాదాపూరులో ఆ చిరునామా గల భవనం ముందు నిలిచారు. భవనం మీద కంపెనీ పేరు లేదు. వేరొక సంస్థ పేరు నిలువెత్తు అక్షరాలలో ఉన్నది. గేటు దగ్గర కాపలా మనిషిని అడిగితే, ఆ పేరుగల కంపెనీ ఇక్కడ లేదన్నాడు. తండ్రీకూతుళ్ళు రోడ్డు కావల చెట్టునీడన గంటన్నర నిలబడి, ఎవరో మోసగించారని నిశ్చయించుకొని, తిరుగు బస్సు పట్టుకొన్నారు.

కంపెనీ ఉన్న మాట నిజమే. అదే భవనంలో నాలుగవ అంతస్తున, ఆరు కుర్చీలు పట్టే అద్దాల గదిలో ఉన్నది. పిలిచిన అమ్మాయి రాలేదని వారు ఆ సాయంత్రమే మరొకరిని తీసుకొన్నారు.

ఆమె వచ్చి ఈ సంగతి చెప్పినపుడు మేము సిగ్గుపడ్డాము. మూడేళ్ళపాటు ఉత్పలమాలకు గణాలేమో, చంపకమాలకు యతి ఎక్కడో చెప్పిన మేము, ఒక భవనంలోనికి ఎట్లా ప్రవేశించవలెనో చెప్పలేదు. చెప్పడానికి మాకును తెలియదు. అందుచేత వేసవి సెలవులలో హైదరాబాదు వెళ్ళి, అక్కడ పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థుల అతిథిగా అట్టి కార్యాలయాలు మూడు నాలుగు చూచి వచ్చాము. ఈ వ్యాసం ఆ తిరుగుడు ఫలితమే.

ఉమ్మడి కార్యాలయమనగా, దానినే కో-వర్కింగ్ ఆఫీసు అంటున్నారు, ఒక సంస్థ పెద్ద భవనంలో కొన్ని అంతస్తులను దీర్ఘకాలపు అద్దెకు తీసుకొని, బల్లలు, కుర్చీలు, ఇంటర్నెట్, జనరేటరు, ఏసీ, టీ కాఫీలు, ఊడ్చేవారు, కాపలావారు, ఇవన్నీ తానే అమర్చి, ఆ స్థలాన్ని చిన్న చిన్న భాగాలుగా ఇతర కంపెనీలకు అద్దెకిచ్చే ఏర్పాటు. ఒకరు గది తీసుకొంటారు. ఒకరు నాలుగు బల్లలు తీసుకొంటారు. ఏ రోజు ఏ బల్ల ఖాళీగా ఉంటే అక్కడ కూర్చొనే షరతుపై ఒక్క కుర్చీ మాత్రమే తీసుకొనేవారూ ఉన్నారు. సమావేశపు గది మాత్రం అందరిదీ. గంటల లెక్కన ముందుగా రాయించుకోవలెను. మన వైరా జలాశయం క్రింద సేద్యం చేసే రైతుకు ఇది వివరించనక్కరలేదు. చెరువు ఒక్కటే, కాలువ ఒక్కటే, ఎవరి వంతు వచ్చినపుడు వారి మడికి నీరు. వంతు దాటితే పక్క రైతు వచ్చి నిలబడతాడు. ఇక్కడా గంట దాటగానే అద్దపు తలుపు మీద వ్రేలితో తట్టేవారు ఉంటారు.

ఇది కొత్త ఆలోచన అనుకోనక్కరలేదు. నాంపల్లి రైల్వేస్టేషను దగ్గర నిజాము కాలంలో కట్టిన సరాయి వంటి చోట, ముక్కుమొగం తెలియని బాటసారులు ఒకే కప్పు క్రింద తల దాచుకొన్నారు. పడకకు బదులు బల్ల వచ్చినది, అంతే. ఆధునిక రూపం మాత్రం పడమటిది. రీజస్ అనే సంస్థ 1989లో బ్రస్సెల్స్ నగరంలో, సామానుతో సహా సిద్ధంగా ఉన్న కార్యాలయాలను అద్దెకివ్వ నారంభించినది. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే కంప్యూటరు ఇంజనీరు, ఒంటరిగా పనిచేసేవారికి తోడు కావలెనని కొన్ని బల్లలు వేసి కో-వర్కింగ్ అన్న పేరు ప్రచారంలోనికి తెచ్చాడు. 2010లో న్యూయార్కులో పుట్టిన వీవర్క్ దీనిని మహా వ్యాపారం చేసి, 2017లో మన దేశంలో అడుగుపెట్టినది. 2023 నవంబరులో అమెరికాలో ఆ కంపెనీయే దివాలా రక్షణ కోరవలసి వచ్చినది. దీర్ఘకాలానికి అద్దె ఒప్పుకొని, నెలల లెక్కన తిరిగి అద్దెకిచ్చే వ్యాపారంలో ఆ ప్రమాదం ఎప్పుడూ ఉండేదే.

హైదరాబాదులో 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటినుండి మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతాలు కార్యాలయాల ఊళ్ళయినవి. ప్రభుత్వం తలపెట్టిన టీ-హబ్ 2015 నవంబరులో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలై, 2022 జూన్ 28న రాయదుర్గంలోని సొంత భవనానికి మారినది. కొత్తగా పుట్టిన కంపెనీలు అనేకం ఒకే కప్పు క్రింద పనిచేసే చోటు అది. స్త్రీలు నడిపే సంస్థలకోసం 2018లో వీ-హబ్ వచ్చినది. అంత దూరం పోనవసరం లేకుండా మన ఖమ్మంలోనే 2020 డిసెంబరులో ఐటీ హబ్ ప్రారంభమైనది. అదీ ఒక్క భవనంలో పలు కంపెనీలున్న చోటే. హైదరాబాదు వెళ్ళే ముందు విద్యార్థులు ఒకసారి ఆ భవనం ముందు నిలబడి చూస్తే సగం భయం తీరుతుంది.

ఇక దారి. ఖమ్మం, సూర్యాపేటల మీదుగా పోయే బస్సు నగరంలోనికి ఎల్.బి.నగర్ వైపునుండి ప్రవేశిస్తుంది. మహాత్మాగాంధీ బస్‌స్టేషను వరకు కూర్చోనక్కరలేదు. ఎల్.బి.నగర్‌లో దిగితే మెట్రో ఎర్ర మార్గానికి అదే మొదటి స్టేషను, కూర్చొనే చోటు దొరుకుతుంది. మియాపూరు వైపు పోయే రైలెక్కి అమీర్‌పేటలో దిగి, నీలి మార్గంలో రాయదుర్గం వైపు పోయే రైలుకు మారవలెను. హైటెక్ సిటీ చివరిదానికి ముందు స్టేషను, రాయదుర్గం చివరిది. ఖమ్మంలో రైలెక్కి సికింద్రాబాదులో దిగినవారికి నీలి మార్గమే నేరుగా దొరుకుతుంది, మారే పని లేదు. ఉదయం తొమ్మిది, పదకొండు గంటల నడుమ అమీర్‌పేటలో జనం విపరీతం. మొదటి రైలు పోతే పోనిచ్చి రెండవది ఎక్కడం మర్యాదకు, చొక్కా ఇస్త్రీకి కూడా మంచిది.

అయితే దారికంటె ముఖ్యమైనది ఊరు విడిచే ముందు చేయవలసిన పని. మన విద్యార్థిని తప్పు చేయలేదు. అడగవలసినది ఎవరూ చెప్పలేదు, అంతే. పిలుపు పంపిన వారిని మూడు సంగతులు అడగవలెను. భవనం పేరు, అంతస్తు ఏవి? ఆ అంతస్తును నడిపే ఉమ్మడి కార్యాలయ సంస్థ పేరేమి? మమ్ములను లోపలికి తీసుకొనిపోయే మనిషి పేరు, ఫోను నంబరు ఏమి? ఈ మూడవది ప్రాణం వంటిది. క్రింద కాపలా మనిషికి కంపెనీల పేర్లు తెలియవు. అతని జాబితాలో ఉండేది ఆ అంతస్తు తీసుకొన్న సంస్థ పేరు మాత్రమే. పైన ముప్ఫై నలభై చిన్న కంపెనీలు ఉండవచ్చు, నెలనెలా మారవచ్చు. "ఫలానా కంపెనీ ఎక్కడ?" అని అడిగితే లేదంటాడు. "నాలుగవ అంతస్తులో ఫలానా సంస్థకు వెళ్ళవలెను, ఫలానావారు పిలిచారు" అంటే దారి చూపుతాడు. అతనిపై కోపం తెచ్చుకొని లాభం లేదు. అతడూ ఏదో పల్లెనుండి వచ్చి రోజుకు పన్నెండు గంటలు నిలబడే మనిషే.

సాధారణంగా రెండు గడపలు దాటవలెను. మొదటిది భవనానిది. సంచి యంత్రంలో పెట్టమంటారు, ల్యాప్‌టాప్ ఉంటే నంబరు రాసుకొంటారు. రెండవది పై అంతస్తులో రిసెప్షను. అక్కడ పలక వంటి తెర ఒకటి ఉంటుంది. పేరు, ఫోను నంబరు, ఎవరికోసం వచ్చారన్నది దానిపై నింపితే ఫోనుకు అంకెలు వస్తాయి, అవి కొట్టవలెను. కొన్నిచోట్ల ఫొటో తీస్తుంది. వెంటనే లోపలి మనిషి ఫోనుకు కబురు పోతుంది. మెడలో వేసుకొనే బ్యాడ్జి ఇస్తారు. గుర్తింపు పత్రం అడిగితే కళాశాల కార్డుగాని, నంబరులో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌గాని చూపవచ్చును. ఆధార్ జిరాక్సు ఇచ్చిరావడం మనవారికి అలవాటయిపోయినది. చూపడం వేరు, ఇచ్చిరావడం వేరు.

లిఫ్టు సంగతి చెప్పకపోతే మా అనుభవం వృథా అవుతుంది. కొన్ని భవనాలలో లిఫ్టు లోపల అంతస్తుల మీటలు ఉండవు. బయట తెరమీద అంతస్తు అంకె నొక్కితే, ఏ లిఫ్టు ఎక్కవలెనో ఒక అక్షరం చూపుతుంది. ఇది తెలియని మేము తెరచుకొన్న తలుపులో గంభీరంగా ప్రవేశించి, మీటలు వెదకుతుండగానే పదకొండవ అంతస్తుకు పోయి, అక్కడెవరో ఎక్కగా వారితోబాటు మళ్ళీ నేలకు వచ్చాము. చూచినవారు నవ్వలేదు. అక్కడ ఎవరూ ఎవరినీ చూడరు.

లోపల మొదట కలిగేది వింత భావం. అధికారి ఎవరో, గుమాస్తా ఎవరో తెలియదు. చెప్పులతో, టీ-షర్టుతో పొడవాటి బల్ల చివర కూర్చొన్నవాడే కంపెనీ యజమాని కావచ్చు. వారిని చూచి మనమూ అట్లే పోవచ్చుననుకోరాదు. వారు ఇంటివారు, మనం అతిథులం. శుభ్రమైన సాదా దుస్తులు చాలును, సూటు అక్కరలేదు. రిసెప్షను దగ్గర సోఫాలో కూర్చొనమంటే అక్కడే కూర్చోవలెను. ఖాళీగా కనిపించే బల్ల ఖాళీ కాదు, దానికి ఎవరో డబ్బు కట్టి ఉంటారు. బడ్డీకొట్టులా చిన్న అద్దాల గూళ్ళు కొన్ని కనిపిస్తాయి. ఫోనులో మాట్లాడుకొనడానికి అవి. ఇంటికి ఫోను చేసి క్షేమంగా చేరామని చెప్పవలెనంటే అందులోనే చెప్పవలెను. మన ఊళ్ళో ఫోను మాట్లాడే గొంతుతో అక్కడ మాట్లాడితే నలభై తలలు ఒక్కసారి తిరుగుతాయి. టీ యంత్రం దగ్గర అతిథులు తాగవచ్చును, డబ్బు అడగరు. తాగిన కప్పు ఎవరిది వారే తీసి పెట్టవలెను. ఇంటర్నెట్ రహస్యపదం రిసెప్షనులో అడిగితే ఇస్తారు.

ఇంతవరకు మర్యాదల మాట. ఇప్పుడు జాగ్రత్త మాట. మెరిసే నేల, అద్దాల గోడ, బ్యాడ్జి, ఉచితపు కాఫీ, ఇవేవీ కంపెనీ గట్టిదనానికి సాక్ష్యాలు కావు. అవి భవనం నడిపేవారివి. సమావేశపు గదిని గంటకు అద్దెకు తీసుకొని, ఎవరైనా అందులో కూర్చొని ఉద్యోగాలిస్తామని చెప్పవచ్చును. కుర్చీ కూడా లేకుండా చిరునామాను మాత్రమే అద్దెకిచ్చే పద్ధతీ ఉన్నది. వర్చువల్ ఆఫీసు అని దాని పేరు. అది చట్టవిరుద్ధం కాదు. ఉత్తరాలకు, రిజిస్ట్రేషనుకు నిజాయితీపరులు అనేకులు దానిని వాడుకొంటున్నారు. కాని చిరునామా చూచి నమ్మే కాలం పోయినది. కంపెనీగా నమోదయిన సంస్థకు 21 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దానిని అడిగి తీసుకొని, కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖవారి వెబ్‌సైటులో పేరు సరిచూడవచ్చును. శిక్షణకని, యూనిఫారానికని, తిరిగి ఇచ్చే డిపాజిట్ అని ఏ పేరుతో డబ్బు అడిగినా లేచి రావలెను. మార్కుల జాబితాల అసలు పత్రాలు దాచుకొంటామన్నా అంతే. మా పరిచయస్థుల కుమారుడొకడు ఇట్టి అద్దాల గదిలోనే ముప్ఫైవేలు కట్టి, మరుసటి వారం వెళ్ళేసరికి ఆ గదిలో వేరే మనుషులు కూర్చొని ఉన్నారు. రిసెప్షనువారు, ఆ గదిని ఆ పూటకే అద్దెకిచ్చామని చెప్పారు. వారు చెప్పినది నిజమే కావడం ఇందులో మరింత బాధాకరం.

ఆడపిల్లల తల్లిదండ్రులు తరచు అడిగేది, వెంట మేము లోపలికి రావచ్చునా అని. రిసెప్షను వరకు రావచ్చును. ముందుగా పేరు చెప్పించుకొంటే వారికీ బ్యాడ్జి ఇస్తారు. చెట్టు క్రింద నిలబడనక్కరలేదు. గదులన్నీ అద్దాలవి, కూర్చొన్నచోటినుండి చాలావరకు కనిపిస్తాయి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఏటా చివరి సంవత్సరపు విద్యార్థులను ఒక రోజు ఖమ్మం ఐటీ హబ్ చూడడానికి అనుమతి తీసుకొని పంపిస్తే, ఖర్చు బస్సు చార్జీలే. పోయిన సంవత్సరం వార్షికోత్సవపు షామియానాకు అయినదానికంటె అది తక్కువే.

తిరిగి వచ్చేటప్పుడు బ్యాడ్జి ఇచ్చివేయడం మరువరాదు. వెళ్ళిన సమయం నమోదు కాకపోతే లెక్కలో మనం ఇంకా లోపలే ఉన్నట్లు. సాయంత్రం ఐదు దాటితే మెట్రోలో మళ్ళీ జనం. నాలుగింటికే బయటపడితే ఎల్.బి.నగర్‌లో బస్సు పట్టుకొని రాత్రికి ఇల్లు చేరవచ్చును.

ఆ విద్యార్థినికి మొన్న జనవరిలో మరొక కంపెనీనుండి పిలుపు వచ్చినది. ఇదీ ఉమ్మడి కార్యాలయమే. ఈమారు మూడు సంగతులూ ముందే ఫోనులో అడిగి, కాగితం మీద రాసుకొని పోయినది. తండ్రి రిసెప్షనులో కూర్చొని యంత్రపు టీ తాగి, చక్కెర ఎక్కువన్నాడట. ఉద్యోగం రాలేదు. వచ్చే నెల ఖమ్మంలో మరొకటి ఉన్నదని, ఏ అంతస్తో కనుక్కొన్నానని మాతో చెప్పినది.