షట్టర్ ఆగాల్సిన చోట ఆగట్లేదా? యాప్‌ని తిట్టే ముందు ఇది చూడండి

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూల మధ్యలో ఈ షట్టర్ గోల ఏంటి అనుకోకండి. ఇందులో యాప్ ఉంది, వైఫై ఉంది. కాబట్టి మన సబ్జెక్టే.

పాతపట్నంలో మా మావయ్యకి కిరాణా కొట్టు ఉంది. మోకాళ్ల నొప్పులతో షట్టర్ ఎత్తలేక మోటార్ పెట్టించాడు. దానికి వైఫై మాడ్యూల్ తగిలించి ఫోన్‌కి కలిపింది నేనే. మొన్న పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"ఏట్రా నీ యాప్? షట్టర్ పైకెళ్లి ఆగట్లేదు. కింద పట్టీ గైడ్లోంచి బయటకొచ్చీసింది. రాత్రికి కొట్టెలా మూస్తాను?"

కొట్టు నిండా పండగ సరుకు. వెంటనే వెళ్లాను.

ముందుగా ఎంసీబీ ఆఫ్ చేశాం. పట్టీ రెండు చివర్లూ ఇద్దరు పట్టుకుని గైడ్లలోకి సరిపెడుతుంటే, నేను పక్కనున్న చేతి చెయిన్ మెల్లగా లాగి షట్టర్‌ని సగానికి దించాను. పట్టీ ఒక మూల వంగిపోయింది. తర్వాత కరెంటు ఇచ్చి, యాప్ ముట్టుకోకుండా గోడ స్విచ్‌తో ఎత్తి చూశాను. అప్పుడూ ఆగాల్సిన చోటు దాటింది. వెంటనే స్టాప్ నొక్కాను. అంటే యాప్ తప్పు లేదు. (మావయ్య ఒప్పుకోలేదనుకోండి.)

అసలు షట్టర్ ఎక్కడ ఆగాలో నిర్ణయించేది మోటార్ పక్కనున్న చిన్న లిమిట్ బాక్స్. లోపల మరలున్న కడ్డీ మీద రెండు చిన్న చక్రాలుంటాయి. షట్టర్ కదిలితే అవీ కదులుతాయి. పైకి వెళ్లినప్పుడు ఒకటి, కిందికి వచ్చినప్పుడు ఇంకోటి వెళ్లి మైక్రోస్విచ్‌ని నొక్కుతాయి, మోటార్ ఆగుతుంది. మళ్లీ ఎంసీబీ ఆపి మూత తీస్తే, పై లిమిట్ చక్రాన్ని బిగించే స్క్రూ వదులైపోయి ఉంది. రోజూ ఆ అదురుకి చక్రం జరిగిపోయిందన్నమాట.

చక్రం పాత స్థానం పెన్నుతో గుర్తు పెట్టుకుని, కొంచెం తిప్పి స్క్రూ బిగించాను. ఎటు తిప్పాలన్నది మోటార్ ఎడమవైపుందా, కుడివైపుందా అన్నదాన్ని బట్టి మారుతుంది. అందుకే కొంచెం కొంచెంగానే తిప్పాలి, స్టాప్ బటన్ మీద వేలు ఉంచుకునే టెస్ట్ చేయాలి. నాకు నాలుగుసార్లు పట్టింది.

ఒక చిన్న పరీక్ష గుర్తుంచుకోండి. ప్రతిసారీ ఒకే చోట ఎక్కువ దూరం పోతుంటే అది లిమిట్ సెట్టింగ్. ఒకసారి రెండంగుళాలు, ఇంకోసారి ఐదంగుళాలు జారుతుంటే బ్రేక్ అరిగి ఉండొచ్చు. మైక్రోస్విచ్ చేత్తో నొక్కితే క్లిక్ అనకపోతే దాన్నే మార్చాలి. త్రీఫేజ్ మోటార్ అయితే, లైన్ రిపేర్ తర్వాత ఫేజులు తారుమారైనా ఇదే తంటా. మోటార్ ఉల్టా తిరుగుతుంది, లిమిట్ పనిచేయదు. బ్రేక్, స్ప్రింగ్, ఫేజు పనులు మాత్రం మెకానిక్‌కే వదిలేయండి.

ఇంకో మాట. అమెరికాలో 1993 నుంచి తయారయ్యే ఇంటి గ్యారేజ్ ఓపెనర్లకి, మూసేటప్పుడు అడ్డం వస్తే వెనక్కి తిరిగే రక్షణ తప్పనిసరి. మన కొట్ల షట్టర్ మోటార్లలో చాలావాటికి అది ఉండదు. యాప్‌లో "క్లోజ్డ్" అని కనిపించినా, అది బటన్ నొక్కిన సంగతి మాత్రమే. కింద పిల్లాడున్నాడో, బస్తా ఉందో దానికి తెలీదు.

మావయ్య పర్లాకిమిడిలో సరుకు కొంటూ అక్కడినుంచే షట్టర్ దించేవాడట! ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. వెల్డింగ్ కుర్రాడు పట్టీ సరిచేసేలోపు ఆయన ఫోన్లోంచి యాప్ తీసేశాను. రిమోట్ కౌంటర్ దగ్గర మేకుకి తగిలించాను.