నల్లని ప్లాస్టిక్కుపై తెల్లని మైనము

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారిపై నకిరేకల్లు ఉన్నది. ఆ దారిన పోయే కార్లను గమనిస్తే కొన్నిటిపై ఒక వింత కనబడుతుంది. బండి ఒంటిరంగు అద్దంవలె మెరుస్తుంటుంది. దాని అంచున ఉన్న నల్లని ప్లాస్టిక్కు భాగాలపై మాత్రము సున్నపు చేయి తుడిచినట్లు తెల్లని చారలుంటాయి. ఇవి మైనపు పాలిష్ పట్టించినప్పుడు అంటిన మరకలు. నీళ్లతో కడిగితే పోయినట్లే పోయి, ఆరగానే మళ్లీ బయటపడతాయి. విసిగిన వారు కొందరు పెట్రోలు చేతబడతారు. అది ప్రాణాపాయము. ఈ మరక స్వభావము తెలిసికొంటే అంతటి సాహసము అవసరముండదు.

కారు పాలిష్‌లలో వాడే మైనాలలో కార్నాబా ప్రసిద్ధమైనది. బ్రెజిల్ దేశములో పెరిగే ఒక తాళజాతి చెట్టు ఆకులపై ఇది పొరగా ఏర్పడి, ఆకులోని నీరు ఆవిరి కాకుండా కాపాడుతుంది. రంగు వేసిన ఇనుపరేకు నున్నగా ఉంటుంది కనుక దానిపై మైనము పలుచగా పరచుకొంటుంది; మిగిలినది గుడ్డతో వచ్చేస్తుంది. నల్లని భాగాలు సాధారణముగా పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కుతో చేసినవి. మిలమిల మెరవకుండా వాటిపై సన్నని గరుకు అచ్చు వేస్తారు. ఆ గుంటలలో మైనమూ, పాలిష్‌లోని మెత్తని పొడీ చిక్కుకొని ఎండిపోతాయి.

మరి తెల్లదనము ఎక్కడిది? ఉప్పుగల్లు పారదర్శకముగా ఉంటుంది. దంచితే తెల్లని పొడి అవుతుంది. చిన్న చిన్న కణాల అంచులు వెలుగును అన్ని దిక్కులకు చెదరగొట్టడమే దీనికి కారణము. ఎండిన మైనము కూడా అంతే. గాలి వక్రీభవన గుణకము 1, నీటిది 1.33, మైనముది సుమారు 1.44, పల్లీ నూనెది సుమారు 1.47. కణాల నడుమ గాలికి బదులు నీరు చేరితే ఈ భేదము తగ్గి, వెలుగు చెదరడము తగ్గుతుంది, మరక కనబడదు. నూనె రాస్తే భేదము దాదాపు పోతుంది, నలుపు నిగనిగలాడుతుంది. కాని మరక దాగినది గాని పోలేదు. పైగా ఆ నూనెకు దుమ్ము పట్టుతుంది.

వదిలించడానికి మైనమును కరిగించేది కావాలి. నకిరేకల్లు ప్రాంతములో పండే నిమ్మకాయయే ఇందుకు మంచి పాఠము చెబుతుంది. నిమ్మరసము చాలవరకు నీరు. అందులో నూటికి 5, 6 పాళ్లు సిట్రిక్ ఆమ్లము ఉంటుంది. నీటితో పొత్తు కుదరని మైనముపై అది పనిచేయదు. తొక్కలోని తైలము వేరు. అందులో ముఖ్యమైన లిమొనీన్ కేవలము కర్బన, ఉదజనులతో ఏర్పడినది, మైనమునకు చుట్టము. అందువల్ల మైనమును కరిగిస్తుంది. రసము చేయలేని పనిని తొక్క చేస్తుంది! అయితే దీపము దగ్గర తొక్క నలిపితే చిటపటలాడడము మనము చూచినదే. కనుక ఈ తైలమును కూడా నిప్పుకు దూరముగా వాడాలి.

పని నీడలో, బండి చల్లబడిన తర్వాత మొదలుపెట్టండి. ముందు దుమ్ము కడిగి ఆరనివ్వండి. చిన్న మరకలు పిల్లల తెల్లని పెన్సిలు రబ్బరుతో రుద్దితేనే రాలిపోతాయి. మొండి మరకలను జుట్టు ఆరబెట్టుకొనే యంత్రపు వేడిగాలితో మెత్తబరచవచ్చును. కార్నాబా 82–86 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. దానిని పూర్తిగా కరిగించనక్కరలేదు, చేయి ఓర్చగల వేడి చాలును. వెంటనే సబ్బునీటిలో ముంచిన మెత్తని పళ్ల బ్రష్షుతో గుంటల వెంబడి రుద్ది, గుడ్డతో అద్దండి. సబ్బు అణువు ఒక కొన మైనమును, మరొక కొన నీటిని పట్టి బయటకు లాగుతుంది. అప్పటికీ మిగిలితే తొక్క తైలము అద్దిన గుడ్డతో తుడిచి, మళ్లీ సబ్బుతో కడగాలి. ఏ ద్రవమునైనా ముందు కనబడని మూలన పరీక్షించుట మేలు. ఫలితమును తడి ఆరిన తర్వాతనే చూడాలి.

పెట్రోలు సున్నాకు ఎంతో దిగువనున్న చలిలో సైతము అంటుకొనే ఆవిరినిస్తుంది. అది ప్లాస్టిక్కులోనికి, పక్కనున్న రబ్బరులోనికి ఇంకి వాటిని ఉబ్బిస్తుంది కూడా. ఇసుక కాగితము, ఇనుప పీచు గరుకు అచ్చునే అరగదీస్తాయి. ఆ నష్టము తిరిగిరాదు.

అన్ని తెల్లదనాలు మైనమువి కావు. అంచుల వెంట చారలుగా ఉంటే మైనము. ఎండ తగిలే పైభాగమంతా ఒకేతీరున వెలిసి ఉంటే అతినీల లోహిత కిరణాలు ప్లాస్టిక్కును చితికించినవని గ్రహించాలి. దానిని ఎంత తోమినా లాభము లేదు. ఇకపై పాలిష్ పట్టే ముందు నల్లని అంచులకు కాగితపు టేపు అంటించండి. అరగంట శ్రమ తప్పుతుంది.