శాన్‌ఫ్రాన్సిస్కో నుండి దేవనహళ్లికి

అమెరికాకు పిల్లలను పంపిన కుటుంబములు మన మూకండపల్లి, హోసూరు ప్రాంతములందును కలవు. శనివారము రాత్రి అచ్చట విమానమెక్కిన బిడ్డ సోమవారము వేకువకు గాని ఇచ్చట దిగడని విన్న తల్లిదండ్రులు, రెండు రాత్రులును ఆకాశముననేనా యని కలవరపడుట సహజము. ఈ కలవరము తీరుటకు కొంచెము గణితమును, కొంచెము భూగోళమును చాలును.

నిజముగా జరిగిన ప్రయాణము నొకదానిని తీసికొందము. 2021 జనవరి 9 వ తేది శనివారము రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతమున ఎయిరిండియా వారి బోయింగు విమానము శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచి, 11 వ తేది సోమవారము తెల్లవారుజామున మూడు దాటిన పిమ్మట దేవనహళ్లిలోని కెంపేగౌడ విమానాశ్రయమున దిగెను. నడిపిన నలుగురును స్త్రీలే. నాయకురాలు జోయా అగర్వాల్. తక్కిన మువ్వురిలో నొకరి పేరు పాపగారి తన్మయి. ఈ పేరు మన చెవికి కొత్తది కాదు గదా!

జనవరిలో ఆ ఊరి గడియారము మన గడియారమునకు 13½ గంటలు వెనుక నుండును. అచ్చట శనివారము రాత్రి 8½ అయినపుడు ఇచ్చట ఆదివారము పగలు 10 గంటలు. అప్పటి నుండి సోమవారము వేకువ మూడింటికి 17 గంటలే. వేసవిలో అమెరికావారు గడియారమును ఒక గంట ముందునకు జరుపుకొందురు గనుక, అపుడు 12½ గంటలే కలుపవలెను.

ఇక దూరము. గోడపటమును చూచినచో పసిఫిక్ సముద్రము మీదుగా నేరుగా పడమరకు గీత గీయ బుద్ధి పుట్టును. విద్యార్థులారా, పటమును విడిచి బడిలోని గోళముపై ఒక దారమును బిగించి పట్టి చూడుడు. అది అలాస్కా మీదుగా ఎక్కి, 71 వ ఉత్తర అక్షాంశము నొరసి, సైబీరియా మీదుగా మన వైపునకు దిగును. ఆ దారపు పొడవు సుమారు 14,000 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున భాగించినచో 15½ గంటలు వచ్చును, పట్టినవి 17. కారణమేమనగా, విమానము దారమును బట్టి గాక గాలిని బట్టి పోవును. పసిఫిక్ మీద మిక్కిలి ఎత్తున పడమటి గాలులు బలముగా వీచుచు, పడమరకు పోవువానికి ఎదురు తగులును. ఆనాటి విమానము ఇంకను ఉత్తరమునకు పోయి ధ్రువము మీదుగా వచ్చెను.

ఆ మార్గమున భయము లేకపోలేదు. దిక్సూచి ధ్రువము దాపున నమ్మదగినది కాదు. అమెరికాలో పోయు విమాన ఇంధనము సున్నకు దిగువ 40 డిగ్రీల వద్ద గడ్డకట్ట నారంభించును. వెలుపలి గాలి అంతకన్న చల్లన. కావున ఇంధనపు వేడిమిని కనిపెట్టుచు, అవసరమైనచో వెచ్చని గాలిలోనికి దిగవలెను, లేదా వేగము హెచ్చింపవలెను. అత్యవసరముగా దిగుటకు తగిన తావులును ఆ మంచుసీమలో మిక్కిలి తక్కువ.

దేవనహళ్లి నుండి మూకండపల్లికి గాలిలో ఏబది కిలోమీటర్లు. ఆ విమానమునకు నాలుగు నిమిషముల పని. 44 వ జాతీయ రహదారి రెండు ఊళ్లను కలుపుచున్నను, నడుమ బెంగుళూరు నగరమున్నది. రద్దీ వేళ రెండు మూడు గంటలు చిక్కుకొనవలసినదే. 2024 జూన్ 27 న నాటి ముఖ్యమంత్రి శ్రీ స్టాలిన్ హోసూరున 2,000 ఎకరములలో విమానాశ్రయము నిర్మింతుమని శాసనసభలో ప్రకటించిరి. అయితే 2008 లో తెరచిన బెంగుళూరు విమానాశ్రయపు ఒప్పందమున, మైసూరు, హాసన్ తప్ప, 150 కిలోమీటర్లలోపల 25 ఏండ్ల వరకు మరియొకటి రాకూడదను నిబంధన కలదు. 2008 కి 25 కలిపి చూచుకొనుడు.