నీళ్ల మీద నుంచి ఎగిరే ఫోమ్ విమానం: మీ పిల్లలు చేస్తామంటే...



2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణా నది మీద నుంచి ఒక సీప్లేన్ లేచి శ్రీశైలం జలాశయంలో దిగింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రయాణించిన ఆ ట్విన్ ఆటర్ విమానాన్ని టీవీలో మీ పిల్లలు కూడా చూసే ఉంటారు. యూట్యూబ్‌లో ఫోమ్ షీట్లతో చేసిన రిమోట్ సీప్లేన్ల వీడియోలు చూసి "డాడీ, మనమూ చేద్దామా?" అని అడిగే ఉంటారు.

మధురానగర్, యూసుఫ్‌గూడ, ఫిల్మ్ నగర్ ఫ్లాట్లలో ఉండే మనకు వెంటనే వచ్చే జవాబు "ముందు ఎగ్జామ్స్ కానీ". అడిగింది మంచి ప్రశ్నే. చేయించవచ్చు కూడా. కానీ ఇది బొమ్మ కాదు. ఇందులో వేగంగా తిరిగే ప్రొపెల్లర్, మంటలు రేపగల బ్యాటరీ, లోతైన నీరు మూడూ ఉన్నాయి. అందుకే సరే అనే ముందు మీకు తెలిసి ఉండాల్సిన విషయాలు ఇవి.

నీరు అంత తేలిగ్గా వదలదు

నీటి మీద నుంచి విమానం మొదటిసారి సొంత ఇంజన్‌తో లేచింది 1910 మార్చి 28న, ఫ్రాన్స్‌లోని మార్సెయ్ దగ్గర. నడిపింది ఆన్రీ ఫాబ్ర్. నేల మీద నుంచి విమానాలు లేవడం మొదలై అప్పటికే ఆరేళ్లు దాటింది. నీటి మీద ఆలస్యం ఎందుకైందో వంటగదిలోనే చూపించవచ్చు. కుళాయి సన్నగా తిప్పి, గరిటె వెనుక వైపు ఉబ్బును ధారకు తాకించండి. గరిటె ధారలోకి లాక్కుపోతుంది. వంపు తిరిగిన ఉపరితలాన్ని పారే నీరు ఇలాగే పట్టుకుంటుంది.

విమానం కింద ఉండే తేలుడు బోదెలకు, అంటే ఫ్లోట్లకు, ఇదే ఇబ్బంది. అందుకే ఫ్లోట్ అడుగున మధ్యలో ఒక మెట్టు పెడతారు. వేగం పెరిగాక నీరు ఆ మెట్టు అంచు దగ్గర తెగిపోతుంది, దాని వెనుకకు గాలి చేరుతుంది. అప్పుడు విమానం నీటిని కోసుకుంటూ కాక, చెరువులో విసిరిన పెంకులా పైపైన జారుతుంది. మెట్టు విమానం బరువు కేంద్రానికి కొద్దిగా వెనుక ఉండాలి. మరీ వెనక్కి పోతే ముక్కు పైకి లేవదు, ముందుకు వస్తే జారేటప్పుడు ముక్కు ఎగిరెగిరి పడుతుంది.

లెక్క ముందు, కత్తి తర్వాత

ఫోమ్ కోసే ముందు పిల్లల చేత రెండు లెక్కలు చేయించండి. మీటరు రెక్క పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు, మొత్తం 700 గ్రాముల బరువు ఉన్న విమానాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

మొదటిది తేలడం. తొమ్మిదో తరగతిలో చదివే ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం 700 గ్రాములు తేలాలంటే 700 సీసీ నీరు పక్కకు తప్పుకోవాలి. అంతే ఉంటే ఫ్లోట్లు పూర్తిగా మునిగి ఉంటాయి. చిన్న అల వచ్చినా విమానం తలకిందులవుతుంది. నిజమైన సీప్లేన్లకు అమెరికా విమానయాన నిబంధనలు 80 శాతం అదనపు తేలే శక్తిని కోరతాయి. మన విమానానికీ అదే పెట్టుకుంటే రెండు ఫ్లోట్లకు కలిపి 1260 సీసీ, ఒక్కోదానికి 630 సీసీ కావాలి.

రెండోది వేగం. ఈ కొలతలతో విమానం గాలిలో నిలవడానికి కావాల్సిన కనీస వేగం గంటకు సుమారు 28 కిలోమీటర్లు. బరువు రెట్టింపైతే ఈ వేగం రెట్టింపు కాదు, వర్గమూలం ప్రకారం సుమారు 1.4 రెట్లు, అంటే 40 కిలోమీటర్లు అవుతుంది. నీటి మీద ఆ వేగం అందుకోవడం చాలా కష్టం. "ఇంకొంచెం టేప్ వేద్దాం, ఇంకొంచెం రంగు వేద్దాం" అన్నప్పుడల్లా కిచెన్ తూకం మీద పెట్టి చూడమనండి. గ్రాము విలువ పిల్లలకు అక్కడ అర్థమవుతుంది.

ఏమేం కావాలి

రెక్కలకు డెప్రాన్ షీటు లేదా గట్టి థర్మాకోల్, లోపల బలానికి కార్బన్ కడ్డీ, చిన్న బ్రష్‌లెస్ మోటార్, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ, 9 గ్రాముల సర్వోలు నాలుగు, లిపో బ్యాటరీ, దానికి సరిపడే బ్యాలెన్స్ ఛార్జర్, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో సెట్. విడిభాగాలు కోఠీ గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో దొరుకుతాయి. అన్నీ కలిపి సుమారు పది వేల రూపాయలు అవుతుంది. అందులో సగం దాకా రేడియోకే. అది తర్వాత చేసే విమానాలకూ పనికొస్తుంది.

మామూలు ఫెవీక్విక్ థర్మాకోల్‌ని కరిగించేస్తుంది. స్ప్రే పెయింట్ కూడా అంతే. ఫోమ్‌కి పనికొచ్చే జిగురు అని అడిగి కొనండి. ఏ జిగురైనా ముందు ఒక తుక్కు ముక్క మీద వేసి చూడాలి.

ఇంట్లోనే చేయాల్సిన పరీక్షలు

ప్రొపెల్లర్ బిగించకుండానే మొదటిసారి కరెంటు ఇవ్వాలి. ఇది ఇంట్లో చట్టంలా ఉండాలి. రేడియోలో కుడి వైపు తిప్పితే తోక చుక్కాని కుడి వైపే కదులుతోందా, పైకి అంటే ఎలివేటర్ పైకే లేస్తోందా చూడాలి. మొదటి ఫ్లైట్‌లోనే కూలే విమానాల్లో చాలావాటికి కారణం ఈ చిన్న తేడాయే. తర్వాత రేడియో ఆఫ్ చేస్తే మోటార్ దానంతటదే ఆగాలి. దీన్ని ఫెయిల్‌సేఫ్ అంటారు.

తర్వాత బరువు కేంద్రం. డ్రాయింగ్‌లో గుర్తు పెట్టిన చోట రెండు వేళ్ల మీద నిలబెడితే విమానం సమంగా ఉండాలి. తోక బరువుగా ఉన్న విమానం దాదాపు అదుపులో ఉండదు. బ్యాటరీని ముందుకు జరిపి సరిచేయవచ్చు.

చివరిగా టబ్‌లో తేలించి పది నిమిషాలు వదిలేయండి. ఒక వైపు ఒరిగితే ఎక్కడో నీరు చేరుతోందని అర్థం. రిసీవర్‌ను చిన్న బెలూన్‌లో పెట్టి మూతి కట్టేస్తే తడవదు.

లిపో బ్యాటరీ విషయంలో రాజీ వద్దు. ఛార్జింగ్ పెట్టి పడుకోవద్దు, బయటికి వెళ్లవద్దు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడవద్దు. ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు. ఛార్జర్ మంచం మీద, సోఫా మీద కాకుండా టైల్స్ మీద పెట్టండి.

ఎక్కడ ఎగరేయాలి?

మన కాలనీల్లో కాదు. బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాద్‌కు మారినా ఆ రన్‌వే ఇప్పటికీ పనిచేస్తోంది, మనకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. డాబా, పార్కు, హుస్సేన్‌సాగర్ ఆలోచన పెట్టుకోవద్దు. 2021 డ్రోన్ నిబంధనలు చదువు కోసం, సరదా కోసం కంటికి కనిపించే దూరంలోనే ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్లను ప్రత్యేక వర్గంగా గుర్తించాయి. కానీ ఎక్కడ ఎగరేయవచ్చన్నది వేరే విషయం. బయల్దేరే ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో, ఆ రోజుకు అమల్లో ఉన్న నియమాలేమిటో చూసుకోండి. చెరువు ఎవరి ఆధీనంలో ఉందో వాళ్ల అనుమతీ అడగండి.

జనం, కరెంటు తీగలు, గుర్రపుడెక్క లేని నీరు కావాలి. సంక్రాంతి సెలవుల్లో పొద్దున్నే గాలి తక్కువగా ఉంటుంది. కానీ గాలిపటాల దారాలు ఉన్న చోటికి వెళ్లవద్దు.

మొదటి రోజు

నీళ్ల దగ్గరికి పోకముందు గడ్డి మీద మోటార్ ఆపి, చేత్తో మెల్లగా విసిరి చూడాలి. తిన్నగా జారి దిగితే సరే. తర్వాత నీటి మీద నెమ్మదిగా పడవలా నడపాలి. ఆ తర్వాత వేగం పెంచి మెట్టు మీద జారనివ్వాలి, ఎగరనివ్వకూడదు. ఇవి రెండూ నమ్మకంగా వచ్చాకే గాలికి ఎదురుగా ఎగరేయాలి. అద్దంలా ఉన్న నీటి కంటే చిన్న అలలున్న నీరే మేలు. ఫ్లోట్లు త్వరగా విడిపడతాయి, దిగేటప్పుడు నీటి ఎత్తు కంటికి తెలుస్తుంది. దిగేటప్పుడు మోటార్ పూర్తిగా ఆపకుండా కొద్దిగా తిరగనివ్వాలి.

ప్రతిసారీ ఒక్క మార్పే చేసి నోట్‌బుక్‌లో రాయమనండి. బ్యాటరీ జరిపి, చుక్కాని కూడా మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు. ల్యాబ్ రికార్డు ఎందుకు రాయాలో పిల్లలకు ఎవరూ చెప్పకుండానే తెలిసే చోటు ఇది.

మీరు తప్పక చెప్పాల్సిన మాట

విమానం చెరువు మధ్యలో ఆగిపోతుంది. ఈరోజు కాకపోతే రేపు, తప్పకుండా ఆగుతుంది. రెండు నెలలు కష్టపడి చేసిన వస్తువు కళ్ల ముందే తేలుతుంటే పిల్లలు ఆలోచించరు, నీళ్లలోకి దిగుతారు. మన చెరువుల్లో పైకి కనిపించని బురద, పూడిక, గోతులు ఉంటాయి. ఈత వచ్చిన వాళ్లు కూడా అందులో ఇరుక్కుంటారు.

అందుకే ఇంట్లో బయల్దేరే ముందే మాట తీసుకోండి: నీళ్లలోకి ఎవరూ దిగరు, నాన్న కూడా దిగరు. గేలం తాడుకు టెన్నిస్ బంతి కట్టి విసిరి లాగవచ్చు. గాలి ఒడ్డుకు తెచ్చేదాకా ఆగవచ్చు. రాకపోతే పోనివ్వాలి. ఫోమ్ షీటు మళ్లీ కొనుక్కోవచ్చు, లెక్కలూ డ్రాయింగూ నోట్‌బుక్‌లో ఉన్నాయి. రెండో విమానం మొదటిదానికన్నా తేలిగ్గా, తక్కువ రోజుల్లో తయారవుతుంది.

పిల్లలు చిన్నవాళ్లైనా పెద్దవాళ్లైనా, నీటి ఒడ్డున పక్కన ఒక పెద్దవాళ్లు లేకుండా ఈ విమానం ఎగరకూడదు. ఆ ఆదివారం పొద్దున మీరు ఫోన్ జేబులో పెట్టి వాళ్ల పక్కన నిలబడితే చాలు.