బేరియాట్రిక్ సర్జరీ తర్వాత కూడా మందులా?

తీవ్ర ఊబకాయంతో చిన్న వయసులోనే బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీ చేయించుకున్నవారిలో కొందరికి కొన్నేళ్లకు బరువు మళ్లీ పెరుగుతుంది. మందు మొదలుపెడదామని డాక్టరు అంటే, ఇంత పెద్ద ఆపరేషన్ అయ్యాక మందులేమిటని ఇంట్లోవాళ్లు అడుగుతారు. తిండి అదుపులో పెట్టుకోలేదని పిల్లల్నే తప్పుపట్టేవారూ ఉంటారు. ఆపరేషన్‌తో జబ్బు తీరిపోతుందన్న అపోహే దీనికంతటికీ మూలం. బీపీ, షుగర్‌లాగే ఊబకాయమూ దీర్ఘకాలిక వ్యాధి. బేరియాట్రిక్ సర్జరీల్లో ఒకటైన స్లీవ్ సర్జరీలో జీర్ణాశయంలో చాలా భాగం తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోనూ తగ్గుతుంది. అయినా చిక్కిన శరీరం ఆకలి పెంచి, శక్తి ఖర్చు తగ్గించి, పాత బరువు కోసం పెనుగులాడుతూనే ఉంటుంది. అమెరికాలో కౌమారంలో సర్జరీ అయిన 260 మందిని టీన్-ల్యాబ్స్ అధ్యయనం పదేళ్లపాటు గమనించింది. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం పదేళ్ల తర్వాత కూడా వారి బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు సూచీ) సర్జరీకి ముందున్న దానికన్నా సగటున 20 శాతం తక్కువగానే ఉంది. సర్జరీ మేలు చేస్తుందనడానికి ఇది చాలు. కానీ అది సగటు లెక్క. దాని కింద మిగిలిపోయినవారి సంగతి కూడా చూడాలి.

వారికి మందు పనికొస్తుందనడానికి ఆధారాలున్నాయి. సర్జరీ నాటికి 21–30 ఏళ్లున్న 37 మంది రికార్డులను అమెరికా వైద్యులు పరిశీలించి 2018లో ప్రచురించారు. టోపిరమేట్, ఫెంటర్మిన్ వంటి మందులతో సగానికి పైగా మంది కనీసం 5 శాతం బరువు తగ్గారు. సర్జరీ ఆశించినంత ఫలించని 70 మంది పెద్దలపై బ్రిటన్‌లో జరిగిన ట్రయల్‌లో లిరాగ్లుటైడ్ ఇంజెక్షన్ 24 వారాల్లో బరువును దాదాపు 9 శాతం తగ్గించింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో తగ్గింది అర శాతమే. ఇవి చిన్న అధ్యయనాలే కదా అంటే, నిజమే. అందుకే మందు అందరికీ రాసేయకూడదు. ఆహారం, మానసిక స్థితి, ఆపరేషన్ లోపాలు పరీక్షించాకే ఇవ్వాలి.

మందు మానేస్తే బరువు తిరిగొస్తుందన్న అభ్యంతరమూ సబబే. బీపీ మాత్ర మానినా బీపీ పెరుగుతుంది, అంతమాత్రాన ఆ మాత్రను ఎవరూ దండగ అనరు. అసలు జాగ్రత్త పడాల్సింది వేరేచోట. సర్జరీ అయినవారికి విటమిన్ల లోపం ముప్పు ముందే ఉంటుంది. మందుతో ఆకలి ఇంకా తగ్గితే ప్రొటీన్ కూడా చాలదు. టోపిరమేట్ గర్భస్థ శిశువుకు హాని చేయగలదు కాబట్టి యువతులకు ఆ మాట ముందే చెప్పాలి. బరువు పెరుగుతోందని తెలిసిన వెంటనే సిగ్గుపడకుండా సర్జరీ చేసిన బృందాన్నే కలవండి. సొంతంగా ఇంజెక్షన్లు మాత్రం కొనుక్కోవద్దు.