యజమాని గల్ఫ్‌లో.. బండి ఇంట్లో

నెలల తరబడి నిలిపే మోటారు సైకిల్‌కు ముందుజాగ్రత్తలు

జగిత్యాల: వీసా చేతికొచ్చింది. టిక్కెట్టు ఖరారైంది. బంధువుల ఇళ్లకు, బ్యాంకుకు, ఏజెంటు కార్యాలయానికి తిరుగుళ్లన్నీ బండి మీదే. తెల్లవారితే శంషాబాద్ విమానాశ్రయం. అప్పటిదాకా పరుగులు తీసిన మోటారు సైకిల్ ఆ రోజు నుంచి వరండాలో ఒక మూల సైడ్ స్టాండ్‌పై ఒరిగి ఉండిపోతుంది. రెండేళ్ల తరువాత సెలవుపై వచ్చిన యజమానికి స్టార్టు కాని ఇంజిను, తుప్పు పట్టిన ట్యాంకు, నేలకు అతుక్కుపోయిన టైర్లు స్వాగతం పలుకుతాయి. దొరికిన కొద్దిపాటి సెలవులో మొదటి వారం మెకానిక్ షెడ్డుకే అంకితమవుతుంది. దుబాయి, సౌదీ, ఖతర్, కువైట్‌లకు వలస వెళ్లే జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్, నిర్మల్, రాజన్న సిరిసిల్ల జిల్లాల పల్లెల్లో ఇది కొత్త కథ కాదు.

కెనడాలోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ మంచు కురిసే నెలల్లో మోటారు సైకిళ్లను షెడ్లలో భద్రపరచడం ఏటా జరిగే తంతు. అక్కడి వారు దానికి ఒక పూట కేటాయిస్తారు. మన దగ్గర ఆ అలవాటు లేదు. చలి మనకు పెద్ద శత్రువు కాకపోవచ్చు గాని, నాలుగు నెలల వాన తేమ, 45 డిగ్రీలు దాటే ఎండ, ధాన్యం బస్తాల మధ్య తిరిగే ఎలుకలు కలిసి బండిని అంతకంటే వేగంగా పాడుచేస్తాయి.

వారానికోసారి స్టార్టు చేస్తే?

‘వారానికోసారి స్టార్టు చేసి ఐదు నిమిషాలు ఉంచు నాయనా’ అని తండ్రికి చెప్పి విమానం ఎక్కేవారే అధికం. ఆ పెద్దాయన కూడా కొడుకు మాట తప్పకుండా ప్రతి ఆదివారం బండిని బయటకు తీసి, స్టార్టు చేసి, కాసేపు చప్పుడు విని, తృప్తిగా లోపల పెడతారు. మేలు కోరి చేసే ఈ పనే బండికి కీడు చేస్తుంది.

కారణం తేలికగానే అర్థమవుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. బండి పది, పదిహేను కిలోమీటర్లు నడిచి ఇంజిను, సైలెన్సరు బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటకు పోతుంది. నిలబెట్టి ఐదు నిమిషాలు తిప్పితే అంత వేడి పుట్టదు. ఆవిరి చల్లబడి నీటి బొట్లుగా మారి సైలెన్సరు లోపలి రేకును తినేస్తుంది. కొంత ఇంజిన్ ఆయిల్‌లోనూ కలుస్తుంది. బ్యాటరీ పరిస్థితీ అంతే. సెల్ఫ్ స్టార్టు వాడుకున్న విద్యుత్తును ఆ ఐదు నిమిషాల నెమ్మది చప్పుడు తిరిగి నింపలేదు. వారం వారం కొంత తరుగుతూ చివరికి ఒక ఆదివారం స్టార్టరు మూగబోతుంది. కాబట్టి నడిపితే పదిహేను, ఇరవై కిలోమీటర్లు రోడ్డు మీద నడపాలి. లేదంటే అసలు ముట్టుకోకుండా పద్ధతిగా నిద్రపుచ్చాలి. మధ్యేమార్గం లేదు.

ట్యాంకులో పెట్రోలు ఉంచాలా? తీయాలా?

అందరూ తికమకపడేది ఇక్కడే. సగం ఖాళీగా ఉన్న ఇనుప ట్యాంకులో మిగిలిన చోటంతా గాలి ఉంటుంది. పగటి వేడికి, రాత్రి చల్లదనానికి ఆ గాలిలోని తేమ ట్యాంకు గోడలపై చెమ్మగా పట్టి తుప్పుకు దారితీస్తుంది. అందుకే ‘నిండుగా కొట్టించి పెట్టు’ అని పాతకాలపు మెకానిక్కులు చెప్పేవారు. ఇప్పుడు ఆ సలహాను కొద్దిగా సవరించుకోవాలి. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. తేమ మితిమీరితే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి. ఇంజినుకు సరఫరా అయ్యేది ఆ అడుగు నుంచే.

రెండు, మూడు నెలల మాటైతే ట్యాంకు అంచుకు రెండు వేళ్లు తక్కువగా నింపి, పెట్రోలు చెడకుండా కాపాడే స్టెబిలైజర్ ద్రావకాన్ని సీసాపై రాసిన మోతాదులో కలిపి, కొద్దిదూరం నడిపి పెడితే సరిపోతుంది. ఏడాది, రెండేళ్లయితే పెట్రోలును పూర్తిగా తీసేయించడమే మేలు. ఖాళీ ట్యాంకులో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి, గోడలన్నిటికీ పట్టేలా అటూ ఇటూ వంచి, మిగిలినది వంపేయాలి. ఈ ఆయిల్ పూత కార్బురేటరు బండ్ల మాటే. తీసిన పెట్రోలును మాత్రం ఇంట్లో, ముఖ్యంగా వంటగది పక్కన దాచవద్దు.

కార్బురేటరు ఉన్న పాత బండ్లలో పెట్రోల్ కాక్ మూసి, ఇంజిను దానంతటదే ఆగే వరకు తిప్పాలి. లేకపోతే కార్బురేటరులో మిగిలిన పెట్రోలు ఆవిరై జిగురులా గడ్డకట్టి సన్నని జెట్ రంధ్రాలను మూసేస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో అత్యధికం ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో నడుస్తాయి. వాటి విషయంలో ఈ చిట్కా పనికిరాదు. ట్యాంకులోని పంపును చల్లబరిచేదీ, దానికి కందెనగా పనిచేసేదీ పెట్రోలే. అది అయిపోయేదాకా ఇంజిను తిప్పితే ఖరీదైన పంపు కాలిపోయే ప్రమాదం ఉంది. ఆ బండ్ల ట్యాంకు ఖాళీ చేయించే పని మెకానిక్‌కే వదలడం ఉత్తమం.

ఆయిల్ మార్పిడి వెళ్లే ముందే..

‘తిరిగొచ్చాక ఎలాగూ మార్చాలి కదా’ అని ఆయిల్ మార్పిడిని వాయిదా వేయడం పొరపాటు. వాడిన ఆయిల్‌లో తేమ, ఆమ్లాలు చేరి ఉంటాయి. నెలల తరబడి అవి బేరింగులను, సిలిండరును అంటిపెట్టుకుని ఉంటాయి. కొత్త ఆయిల్ పోయించి, లోపలంతా పాకేలా కొద్ది కిలోమీటర్లు నడపాలి. ఆపై స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో ఒక చెంచాడు ఆయిల్ వేసి, తాళం తీసిన స్థితిలో టాప్ గేరు వేసి వెనుక చక్రాన్ని చేత్తో నాలుగైదు సార్లు తిప్పితే సిలిండరు గోడలకు పూత పడుతుంది. పిస్టన్ రింగులు తుప్పుతో పట్టేయకుండా ఇది కాపాడుతుంది.

బండిని కడిగిన వెంటనే లోపల పెట్టవద్దు. ఒక చుట్టు తిప్పి ఆరనివ్వాలి. చైనును కిరోసిన్‌తో శుభ్రం చేసి ఆయిల్ పట్టించాలి.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందుగా నల్లని నెగిటివ్ వైరు, తరువాత ఎర్రనిది తీయాలి. చల్లని పొడిచోట ఉంచి, నెల, రెండు నెలలకోసారి చార్జింగ్ చేయించాలి. మీటరు 12.4 వోల్టుల కంటే తక్కువ చూపితే ఆలస్యం చేయరాదు. ఖాళీగా వదిలేసిన బ్యాటరీ పలకలపై తెల్లని పొర గట్టిపడి, ఆపై ఎంత చార్జింగ్ పెట్టినా నిలవదు. చిన్న బండ్ల బ్యాటరీలు మూడు నుంచి ఐదు ఆంపియర్-అవర్లవే కనుక కార్ల చార్జరుతో పెడితే వేడెక్కి పాడవుతాయి.

పశువుల కొట్టం వద్దు

జాగా ఉందని పశువుల కొట్టంలోనో, ఎరువుల బస్తాల పక్కనో బండిని నిలపడం పల్లెల్లో పరిపాటి. మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా ఆవిరి రాగి వైర్ల చివరలను చిలుము పట్టిస్తుంది. ఎరువుల ధూళి తేమను లాగి ఇనుమును తినేస్తుంది. ప్లాస్టిక్ పరదా చుట్టబెట్టడమూ తగదు. లోపలి చెమ్మ బయటకు పోక అక్కడే మగ్గుతుంది. ఇంట్లో నీడపట్టున పాత నూలు దుప్పటి కప్పడమే నయం. సెంటర్ స్టాండ్ వేసి, టైర్ల కింద చెక్క పలక పెట్టాలి. గాలి మామూలు కంటే నాలుగైదు పాయింట్లు ఎక్కువ కొట్టించి, పదిహేను రోజులకోసారి ముందు చక్రాన్ని కొద్దిగా జరిపితే చాలు. ఇది పెద్దలకు అప్పగించదగిన పని. సైలెన్సరు చల్లారాక దాని మూతికి గుడ్డ కుక్కితే ఎలుకలు, గూడు కట్టే కందిరీగలు దూరవు. ఆ గుడ్డ అందరికీ కనిపించేలా ఎర్రనిదైతే మంచిది.

తాళం చెవి ఎవరికి?

రెండేళ్లకు మించి రాని వారు బండిని అమ్మేయడమో, లైసెన్సు ఉన్న దగ్గరి బంధువుకు అప్పగించి నడిపించడమో ఆలోచించడం వివేకం. ఇనుప గుర్రమైనా కట్టేసి ఉంచితే క్షీణిస్తుంది. అయితే పదో తరగతి చదివే తమ్ముడి చేతికి తాళం ఇవ్వడం మాత్రం చట్టరీత్యా నేరం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు వాహనం నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా పడవచ్చు. పైగా బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. యజమాని దేశంలో లేడన్న మాట అక్కడ అక్కరకు రాదు.

బీమా కాగితాన్నీ ఒకసారి చూసుకోవాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరైనా, దొంగతనం, అగ్నిప్రమాదాలకు వర్తించే భాగం చాలామందికి ఏడాదితోనే ముగుస్తుంది. గడువు తీరిన 90 రోజుల్లోగా పునరుద్ధరించకపోతే అంతకుముందు కూడిన నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది.

సెలవుపై వచ్చిన రోజున ఆత్రంగా సెల్ఫ్ నొక్కవద్దు. సైలెన్సరు గుడ్డ తీసి, వైర్లను ఎలుకలు కొరికాయేమో చూసి, కొత్త పెట్రోలు పోసి, బ్రేకులు పట్టి వదిలి పరీక్షించాలి. డిస్క్ బ్రేకు ద్రవాన్ని రెండేళ్లకోసారి మార్చాల్సిందే. టైరు పక్కన అచ్చుపోసిన చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. ఐదారేళ్లు దాటి పగుళ్లు కనిపిస్తే మార్చడమే శ్రేయస్కరం. చివరగా క్లచ్ పలకలు ఒకదానికొకటి అతుక్కుని ఉండవచ్చు. అలాంటి బండిని స్టార్టు చేసి గేరు వేయగానే క్లచ్ నొక్కి ఉన్నా ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఇంజిను ఆపి ఉండగానే రెండో గేరు వేసి, క్లచ్ నొక్కి పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే పలకలు విడిపోతాయి. ఆ తరువాతే తాళం తిప్పాలి.